మూడో కనుమలో దించిన పల్లకీ

అనగనగా రాళ్లెక్కువ, నీళ్లు తక్కువ ఉన్న ఒక రాజ్యం. ఆ రాజ్యంలో రాణిగారికి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. కోటలోని వైద్యులు చేతులెత్తేశారు.

"పుల్లక్కను పిలిపించండి" అన్నారందరూ.

పుల్లక్క పేరుమోసిన మంత్రసాని. అడ్డం తిరిగిన బిడ్డల్ని ఎందరినో సరిచేసి భూమ్మీదికి తెచ్చిన చేతులు ఆమెవి. అయితే ఆమె పల్లె మూడు కనుమల అవతల. వయసు డెబ్బై. అంత దూరం నడవలేదు, గుర్రమూ ఎక్కలేదు.

తెల్లవారేసరికి భుజంగరాయడనే రాజోద్యోగి గుర్రం దౌడు తీయించుకుంటూ ఆ పల్లెలో దిగాడు. బోయీల పెద్ద ఓబన్న పల్లకీ సిద్ధం చేశాడు. తనతో కలిపి ఎనిమిదిమంది.

"దొరా, నలుగురం మోస్తాం, నలుగురం ఖాళీగా నడుస్తాం. వంతులు మారుతాం. కనుమ కనుమకూ పల్లకీ దించి, నీళ్లు తాగి, కాసేపు కాళ్లు చాపుకుంటాం. పొద్దు గూకేలోగా అవ్వను కోటలో దించే పూచీ నాది" అన్నాడు ఓబన్న.

భుజంగరాయడు మండిపడ్డాడు. "అక్కడ రాణిగారు విలవిలలాడుతుంటే నీకు కాళ్లు చాపుకోవాలా? ఎనిమిదిమందీ పల్లకీ బొంగు కింద దూరండి! ఆగినవాడి వీపు చీరేస్తాను!"

ఓబన్నకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా బరువు మోసి కాయలు కాసిన భుజం తనది. ఒక్కనాడు కూడా బొంగు పట్టని మనిషి తనకు మోత నేర్పుతున్నాడు! అయినా రాణిగారి ప్రాణం తలచుకుని పళ్లు బిగబట్టాడు.

మొదటి కనుమ ఎక్కారు. ఓబన్న "దించండర్రా" అనబోయాడు. కొరడా గాలిలో చుయ్యిమంది. ఆగకుండా దిగారు.

"చూశావా, ఎంత తొందరగా దాటామో!" అని మీసం దువ్వాడు రాజోద్యోగి.

రెండో కనుమ ఎక్కారు. వెనక మోస్తున్న మల్లప్పకు చెమట ఆగిపోయింది, పెదవులు తెల్లబడ్డాయి.

"దొరా, గుక్కెడు నీళ్లు! వాడు పడిపోయేలా ఉన్నాడు" అని బతిమాలాడు ఓబన్న.

జవాబుగా కొరడా అతని వీపు మీదే పడింది. మళ్లీ ఆగకుండా దిగారు.

మూడో కనుమ సగం ఎక్కేసరికి మల్లప్ప మోకాళ్లు వంగిపోయాయి. పల్లకీ ఒరిగింది. పక్కనే లోయ! ఓబన్న తన ఒళ్లంతా అడ్డుపెట్టి పల్లకీని ఆపాడు. మల్లప్ప పాదం రాళ్ల మధ్య మెలిపడి విరిగింది.

"సోమరిపోతా, లే!" అంటూ భుజంగరాయడు కొరడా ఎత్తాడు.

ఓబన్న ఆ కొరడాను గాలిలోనే పట్టుకున్నాడు. "చాలు దొరా! మేము మనుషులం. ఇంకొక్క అడుగు ఇలా వేయించావా, అవ్వ లోయలో ఉంటుంది. అప్పుడు రాణిగారిని నీ కొరడా కాపాడుతుందా?"

"ముసలిదాన్ని నా గుర్రానికే కట్టి తీసుకుపోతాను" అని అరిచాడు రాజోద్యోగి. కానీ రాత్రి నుంచి నీటి చుక్క ఎరుగని ఆ గుర్రం నోట నురగ కక్కుతూ అప్పటికే చతికిలబడింది.

పల్లకీలోంచి పుల్లక్క దిగింది. కోపంగా రాజోద్యోగి ఎదురుగా నిలబడింది.

"నాయనా, వేయి కాన్పులు చేసిన చేతులివి. నొప్పికీ నొప్పికీ మధ్య తల్లికి కాసింత తెరిపి ఉంటుంది. ఆ తెరిపిలో ఊపిరి కూడదీసుకుంటేనే బిడ్డ బయటికొస్తుంది. అది లేకుంటే ఏ తల్లీ బతకదు. కన్నతల్లికే దేవుడిచ్చిన ఆ తెరిపిని వీళ్లకు ఇవ్వనంటానికి నువ్వెవరివి? కూర్చో!"

భుజంగరాయడు కొరడా వదిలేసి కూర్చున్నాడు.

బోయీలు నీళ్లు తాగారు. ఒకరి కాళ్లు ఒకరు పిసికారు. ఎదురొచ్చిన కట్టెల బండిలో మల్లప్పను పల్లెకు పంపారు. తర్వాత ఏడుగురూ లేచి, నలుగురు మోస్తూ ముగ్గురు తేలిగ్గా నడుస్తూ, వంతులు మారుతూ సాగారు. పొద్దు గూకకముందే కోట గుమ్మంలో పల్లకీ దిగింది.

పుల్లక్క బిడ్డను సరిచేసింది. తల్లీబిడ్డా క్షేమం.

రాజు సంతోషంతో సభ తీర్చాడు. "ప్రభూ, నేను తరమబట్టే సకాలంలో వచ్చారు" అన్నాడు భుజంగరాయడు వినయంగా.

ఓబన్న ఇక ఊరుకోలేకపోయాడు. "అబద్ధం ప్రభూ!" అని వీపు తిప్పి కొరడా వాత చూపించాడు. జరిగినదంతా చెప్పాడు. పుల్లక్క అవునంది.

రాజు ముఖం ఎర్రబడింది. "ఓబన్నా, ఏం కావాలో కోరుకో."

"మల్లప్ప కాలు బాగయ్యేదాకా వాడి ఇంటికి తిండిగింజలు ఇప్పించండి. మూడు కనుమల్లోనూ బరువు దించుకునే అరుగులు కట్టించి, నీళ్ల కుండలు పెట్టించండి. అక్కడ ఆగినవాడి మీద ఎవరూ కొరడా ఎత్తకూడదు."

రాజు సరేనన్నాడు. భుజంగరాయడి ఉద్యోగం ఊడబెరికి, ఏడాదిపాటు ఆ అరుగుల దగ్గర వచ్చేపోయేవారికి నీళ్లు పొయ్యమని ఆజ్ఞాపించాడు.

కాబట్టి పిల్లలూ, అలుపు తీర్చుకోవడం పని మానడం కాదు, పనిలో భాగమే. ఎంత తొందరలోనైనా ఆ తెరిపిని కాజేసేవాడు పనినే చెడగొడతాడు.