దూది ఉన్న పలక

పత్తికట్టెను నలగ్గొట్టి, జిగురు కలిపి, వేడి ప్రెస్సులో నొక్కి పలకలు చేసే చంద్రమౌళాచారికి చాదస్తం జాస్తి. తురుములో ఒక్క దూదిపోగు కనబడితే శిష్యులకు ఆ పూట తిట్లే భోజనం. దూది జిగురంతా తాగేస్తుంది, పలక నిలవదు అనేవాడు. ఆ మాట నిజమే.

అంతటి మనిషి తన ఎదుటి గోడకు మూరెడు పలకొకటి తగిలించుకున్నాడు. దాని నిండా దూదే. అంచులు రాలిపోతున్నాయి. బ్రహ్మానందమనే శిష్యుడు ఒకరోజు తిట్లు తిన్న ఉక్రోషంలో అడిగేశాడు.

"మేం చేస్తే తప్పు. మరి ఆ పలక ఎట్ల ఒప్పైంది గురువుగారూ?"

ఆచారి జల్లెడ పక్కన పెట్టి, చాలాకాలం కిందటి సంగతి చెప్పాడు.

పోసవ్వ అనే ఆమె బండెడు పత్తికట్టె తెచ్చింది. అందరూ పత్తి ఏరుకుని కట్టె తెస్తారు; ఆమె కట్టెకు కాయలు పగిలి దూది వేలాడుతూనే ఉంది. ఏరే రోజులు రాకముందే ఆమె భర్త దుర్గయ్య అదే చేలో పాము కరిచి చచ్చిపోయాడు. వాళ్ల గుడిసెకు తలుపు లేదు, గోనెపట్టా ఉండేది. ఈ పంటతో తలుపు పెడతానని అతను మాటిచ్చాడట.

"ఏర చేతులు రాలేదయ్యా. ఒక్క పోగు తియ్యకుండ ఇట్లనే తలుపు చెయ్యిండ్రి" అంది.

ఆచారి సరేనన్నాడు. మాట సగమే విన్నాడు. మూడు రోజులు మనుషుల్ని పెట్టి దూదంతా ఏరించి పారబోయించాడు. అద్దంలాంటి తలుపు తయారైంది. పోసవ్వ వచ్చి, పైనుంచి కిందిదాకా అరచేత్తో తడిమి చూసింది.

"తలుపు మంచిగున్నది. మా ఆయన ఏడి ఇందుల?"

తలుపు అక్కడే వదిలి వెళ్లిపోయింది.  మర్నాడు ఆచారి చెత్తకుప్పంతా వెతికితే, దొరికిన దూది మూరెడు పలకకే సరిపోయింది. దూది జిగురు తాగేసి పలక మాటిమాటికీ విడిపోయింది; అది నిలిచేసరికి వానలు పడ్డాయి. పట్టుకుని వెళితే, ఆమె జ్వరంతో పోయి వారమైందన్నారు. గుమ్మానికి గోనెపట్టా అట్లాగే ఉంది.

 ఆచారి జల్లెడ బ్రహ్మానందం చేతికిచ్చాడు.

"దూది ఏరాల్సిందే. ఏరేముందు, అది ఎవరి చేనిదో అడుగు."