ఊరంత మోకు

చెప్పినకొద్దీ పొడుగైన కథ ఇది. ఎప్పుడు జరిగిందని అడక్కండి. ఇవాళ మనం కాయలు దింపుకుంటున్న కొబ్బరిచెట్లకి ముత్తాతలు అప్పటికింకా మొలకలు. అంత పాతది.

సరుగుడుపాలెం అని ఒక ఊరు. కాలవ పక్కన ఒకటే వీధి, గీత గీసినట్టు తిన్నగా ఉండేది. వీధికి ఆ కొసన పొన్నాలమ్మ గుడి. ఈ కొసన ఒక తాటాకు పాక. ఆ పాకలో ఆదెమ్మ ఉండేది.

ఆదెమ్మకి నా అన్నవాళ్ళు లేరు. పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నవల్లా రెండు చేతులు. ఆ చేతులతో కొబ్బరి పీచు తాళ్ళు పేనేది. పేనుతూ పాడుకునేది.

"ఒక మెలి అమ్మకి, ఒక మెలి ఊరికి, ఒక మెలి నాకు."

'నాకు' అన్నచోట గట్టిగా బిగించేది. ఆమె పేనిన తాడు తెగిందన్న మాట ఎవరూ వినలేదు.

ఏడాదికోసారి పొన్నాలమ్మ తీర్థం. రంగులరాట్నాలు, గాజుల బళ్ళు, జీళ్ళ కొట్లు. మూడూళ్ళ జనం ఆ ఒక్క వీధిలో పట్టేవాళ్ళు. అమ్మవారి రథానికి రెండు మోకులు. మోకంటే తెలుసుగా, చేతికి నిండుగా పట్టే లావుపాటి తాడు. ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ ఒక చెయ్యి ఆ మోకు మీద పడాలి. ఒక్క ఇల్లు తగ్గినా అమ్మ కదలదని నమ్మకం.

అందరికంటే ముందు, రథం పక్కనే, చెయ్యి వేసేది మాత్రం మోకు పేనిన మనిషి. ఆదెమ్మ తాత వేశాడు, తండ్రి వేశాడు, ఇప్పుడు ఆదెమ్మ వేస్తోంది. ఏడాది పొడుగునా "ఏమే" అని పిలిచేవాళ్ళు ఆ ఒక్కరోజు "ఆదెమ్మగారూ, కానివ్వండి" అనేవాళ్ళు. ఆ ఒక్క పిలుపు కోసం ఆదెమ్మ మిగతా ఏడాదంతా బతికేది.

ఒక ఏడు తీర్థం నెల్లాళ్ళు ఉందనగా మాయదారి జ్వరం ఒకటి వచ్చింది. ఒక ఊరు పట్టింది. రెండో ఊరు పట్టింది. మూడో ఊరి పొలిమేరకొచ్చి నిలబడింది. ఆ మూడో ఊరు సరుగుడుపాలెం.

ఊరి పెద్దలు కూర్చున్నారు. తీర్థం చెయ్యాలా, మానాలా?

జీళ్ళు చేసి అమ్మే సూరన్న ముందు లేచాడు. "చెయ్యాల్సిందేనండి. బెల్లం తెచ్చేశాను, పాకం పట్టేశాను. తీర్థం మానేస్తే ఆ జీళ్ళన్నీ నేనూ మా ఆవిడా తినాలి. మా ఆవిడకి పళ్ళు లేవు."

పూజారి నీలయ్య తల గోక్కున్నాడు. "చెయ్యకపోతే అమ్మకి కోపం. చేస్తే జ్వరానికి సంబరం. నన్ను మాత్రం అడక్కండి."

మునసబు పేర్రాజు మీసం సవరించుకున్నాడు. "మా ముత్తాత నాటి నుంచీ మాననిది నా హయాంలో మానితే, రేపు నా మొహం ఎవరు చూస్తారు? చేద్దాం."

చేద్దామంటే చేద్దామన్నారు.

ఆ రోజు ఆదెమ్మ ఊళ్ళో లేదు. పీచు కోసం పడవ మీద లంకకి పోయింది. లంకలో పది రోజుల కిందట ఒక పెళ్ళి జరిగింది. పందిరి ఇంకా ఉంది, దాని కింద మనిషి లేడు. ఇంటింటికీ తలుపులు మూసి ఉన్నాయి. గట్టు మీద మేకలు కాసే సింహాద్రి ఒక్కడే గుండ్రాయిలా తిరుగుతున్నాడు.

ఆదెమ్మ పడవ దిగకుండానే కేకేసింది. "ఏం మామా, ఏమయింది మీ ఊరికి?"

"ఏం చెప్పనే. పెళ్ళి భోజనాల్లో మొదటి బంతిలో భుజాలు రాసుకుంటూ కూర్చున్నవాళ్ళు పడ్డారు. రెండో బంతివాళ్ళు పడ్డారు. మూడో బంతివాళ్ళూ పడ్డారు. అయిదుగురు ఇక లేరు."

"నువ్వు పెళ్ళికి పోలేదా?"

"పోకేం? మూడు విస్తళ్ళు తిన్నాను. నీ దగ్గర మేకల కంపు, అవతల కూర్చోమని ఇదిగో ఈ గట్టు మీద వడ్డించారు. ఆవేళ ఏడుపొచ్చింది." సింహాద్రి మేకల వైపు చూశాడు. "ఇప్పుడు రోజూ పొద్దున్నే వీటికి దణ్ణం పెట్టుకుంటున్నాను."

ఆదెమ్మ పీచు ముట్టుకోలేదు. పడవ వెనక్కి తిప్పించింది. దారంతా ఆ గట్టుకీ ఆ పందిరికీ మధ్య ఎంత దూరముందా అని లెక్కేసుకుంది. మూడు బారలు. మనిషి రెండు చేతులూ చాపితే ఒక బార. అలాంటివి మూడు.

ఊళ్ళోకొచ్చి, ఇంట్లో ఉన్న పాత పీచుతోనే మోకు పేనడం మొదలుపెట్టింది.

మొదట సూరన్న వచ్చాడు. "ఏమే, మోకయిందా?"

"ఇంకా పొడుగు చాలదు బాబూ."

తరవాత నీలయ్య వచ్చాడు. "ఏమ్మా, మోకయిందా?"

"ఇంకా పొడుగు చాలదు పూజారిగారూ."

మూడోసారి మునసబే వచ్చాడు. పాక ముందు చూస్తే చుట్టలు చుట్టలుగా మోకు. ఎప్పుడూ పేనేదానికి రెండింతలుంది.

"ఇది చాలదా? రథానికి పేనుతున్నావా, చందమామకి పేనుతున్నావా?"

"తమరు అక్కడే నిలబడండి బాబుగారూ. ఇంకాస్త వెనక్కి. ఇంకాస్త." మూడు బారల దూరం పోయేదాకా ఆపలేదు. అప్పుడు చెప్పింది. పందిరి గురించి, మూడు బంతుల గురించి, మేకల సింహాద్రి గురించి.

మునసబు మొహం వాడిపోయింది. ఆయనింట్లో ఏడుగురు మనవలు. "అయితే తీర్థం మానెయ్యమంటావా?"

"మానమనలేదండి. పొడుగు చేద్దామంటున్నాను. ఈ కొస నుంచి ఆ కొసదాకా రెండు మోకులు. కుడి వరసకొకటి, ఎడమ వరసకొకటి. ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి లాగుతారు. ఇంటికో చెయ్యి పడుతుంది. భుజం భుజం తగలదు."

"పై ఊళ్ళ వాళ్ళో?"

"వాళ్ళని ఈ ఏడాదికి రావద్దని చాటింపు వేయించండి. అమ్మ ఎక్కడికీ పోదుగా."

మునసబు వీధి పొడుగునా గుడి వైపు చూశాడు. "రథం కదలకపోతే? మర్నాడు ఊరంతా నా మీద పడుతుంది. ఎప్పటిలాగే జనాన్ని పిలిచి తీర్థం చెయ్యాల్సొస్తుంది."

"కదలకపోతే మోకు మీద నా చెయ్యి ఇంకెప్పుడూ పడదండి. వేరే ఊరి వాళ్ళ చేత పేనించుకోండి."

అంత మాట ఆదెమ్మ నోట వస్తుందని మునసబు అనుకోలేదు. సరేనన్నాడు.

సరేనంటే అయిపోలేదు. ఊరంత మోకు ఒక్క మనిషి వల్ల అవుతుందా? ఆదెమ్మ నడివీధిలో నిలబడి కేకేసింది. "ఇంటికి మూడు బారలు. ఎవరి మోకు వాళ్ళే పేనుకోండి. ఎవరు పేనింది వాళ్ళే పట్టుకోండి."

కొబ్బరి పీచు లేని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. పేనడం వచ్చినవాళ్ళే లేరు. ఆదెమ్మ పొద్దున్నే వీధి మధ్య నడుస్తూ చేతులెత్తి చూపించేది. అరుగుల మీంచి అందరూ చూసి, ఆమె పాటే పాడుకుంటూ పేనేవాళ్ళు. సూరన్న పేనింది పాకం తీగలా సాగింది. నీలయ్య పేనింది జడలా వచ్చింది. మునసబుగారిది పిల్లిని మింగిన పాములా వచ్చింది.

"ఇదేంటండీ బాబుగారూ, మధ్యలో ఈ బొడిపె?" అంది ఆదెమ్మ.

"అది మోకు కాదే, నా ఓపిక. అక్కడితో అయిపోయింది," అన్నాడు మునసబు. వీధి వీధంతా నవ్వింది. జ్వరం మాట విన్నాక ఆ ఊరు నవ్వడం అదే మొదలు.

తీర్థం రోజు వచ్చింది. గుడి దగ్గర రథం, మెడలో బంతిపూలు. ఇంటింటి ముక్కలూ ముడివేసి, రథం నుంచి వీధి పొడుగునా రెండు మోకులు. ప్రతి గుమ్మంలో ఒక మనిషి, మనిషికీ మనిషికీ మధ్య మూడు బారలు. అప్పుడు గుర్తొచ్చింది నీలయ్యకి.

"ముందు చెయ్యి వెయ్యాల్సింది ఆదెమ్మ కదా. తన పాకేమో ఆ చివరనుంది."

అందరూ ఆగారు. ఆదెమ్మ కూడా ఒక్క క్షణం ఆగింది. తాత నిలబడ్డ చోటు, తండ్రి నిలబడ్డ చోటు. అక్కడికి పోవాలంటే ఊరందరి గుమ్మాలూ దాటి పోవాలి.

"ఎవరి గుమ్మంలో వాళ్ళే అని చెప్పింది నేనేగా," అంది. తన పాక ముందే నిలబడి, రెండు మోకుల కొసలూ రెండు చేతుల్లోకి తీసుకుంది.

డప్పు మోగింది. లాగారు. రథం కదల్లేదు. ఎవరి గుమ్మంలోకి వాళ్ళు లాక్కున్నారు మరి.

రెండోసారి డప్పు మోగింది. ఈసారి అందరూ పాక వైపే లాగారు. కానీ గుడి దగ్గరి వాళ్ళకి డప్పు ముందు వినిపించింది, పాక దగ్గరి వాళ్ళకి తరవాత. వాళ్ళు లాగేసరికి వీళ్ళు వదిలేశారు. రథం కిర్రుమంది, కదల్లేదు.

"చెప్పానా," అన్నారెవరో. "రేపు మామూలుగా లాగుదాం, అందరం కలిసి," అన్నారింకెవరో. మునసబు తల దించుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆదెమ్మకి. రేపు అందరూ కలిస్తే ఏమవుతుందో లంకలో చూసొచ్చింది తను.

డప్పు ఆపమని చెయ్యి ఊపింది. గొంతెత్తింది.

"ఒక మెలి అమ్మకి."

పక్కింటివాళ్ళు అందుకున్నారు. ఆ పక్కింటికి పోయింది. గుమ్మం గుమ్మం దాటుకుంటూ పాట గుడిదాకా పోయింది.

"ఒక మెలి ఊరికి."

వారం రోజులు ఆ పాట మీదే పేనారు కదా, ఊరంతా ఒక్క గొంతయింది.

"ఒక మెలి నాకు."

పేనేటప్పుడు బిగించినట్టే, అలవాటు కొద్దీ, అన్ని చేతులూ ఒక్కసారి బిగించాయి. రథం కదిలింది. ఒక మూర కదిలింది. రెండు మూరలు కదిలింది. మూడు మూరలు కదిలి ఆగింది.

"చాలు," అన్నాడు నీలయ్య. ఒళ్ళంతా చెమటలు. "అమ్మ బయల్దేరినట్టే. ఎంత దూరమన్నది ఆవిడెప్పుడూ కొలవలేదు."

సూరన్న జీళ్ళు పొట్లాలు కట్టి ప్రతి అరుగు మీదా పెట్టి పోయాడు. ఆ సాయంత్రం ఆ వీధిలో రంగులరాట్నం లేదు, గాజుల బండి లేదు. నూరు ఇళ్ళ పిల్లలు నూరు గుమ్మాల్లో కూర్చుని, నోరంతా అంటుకుపోతున్న జీళ్ళతో ఒకరినొకరు వెక్కిరించుకుంటూ నవ్వుకున్నారు. పొలిమేర దగ్గర నిలబడ్డ జ్వరం కొన్నాళ్ళు నిలబడి నిలబడి, కాళ్ళు నొప్పిపుట్టి వెళ్ళిపోయిందట.

ఆ తరవాత ఆదెమ్మ చాలా ఏళ్ళు బతికింది. "రథం పక్కకి రండి ఆదెమ్మగారూ," అని ఏటా పిలిచేవాళ్ళు. "ఇక్కడే బాగుంది, ఊరంతా కనిపిస్తోంది," అనేది. ఒక చలికాలం మధ్యాహ్నం, చేతిలో పీచుతో, పాక ముందు ఎండలో కూర్చుని అలాగే కన్నుమూసింది. ఆమె పాడెని ఆ ఊళ్ళో ప్రతి ఇంటి చెయ్యీ మోసింది.

ఇప్పటికీ సరుగుడుపాలెంలో ఎవరికైనా జలుబు చేస్తే "ఆదెమ్మ దూరంలో కూర్చో" అంటారు. మూడు బారలన్నమాట. ఇప్పటికీ మోకు బజార్లో కొనరు, ఇంటికి మూడు బారలు పేనుతారు. మునసబులు పోయారు, ప్రెసిడెంట్లు వచ్చారు. ఆదెమ్మ పాక ఉన్నచోట ఇప్పుడు సైకిళ్ళు బాగుచేసే కొట్టుంది. తీర్థం రోజున ప్రెసిడెంటుగారు పట్టుపంచె కట్టుకుని, రథం పక్కన మోకు పట్టుకుని నిలబడతారు. లాగరు. ఊరు ఊరంతా మోకు పట్టుకుని ఆ చివరి కొట్టు వైపే చూస్తూ ఉంటుంది. సైకిళ్ళతను తాపీగా గ్రీజు తుడుచుకుని, చేతులు కడుక్కుని, రెండు కొసలూ అందుకుంటాడు. అతను గొంతెత్తేదాకా అమ్మవారు కూడా ఆగాల్సిందే.