తలుపు వేసిన గదిలోంచి వచ్చిన పేరు

ఒకానొక రాజ్యంలో, దాని పేరు మల్లెగుండం అనుకోండి, వీరకంఠీరవ భూపతి అని ఒక రాజు ఉండేవాడు. ఆయనకు రెండు విషయాల్లో మహా గర్వం. ఒకటి తన భోజనం, రెండోది తన ప్రజలకున్న స్వేచ్ఛ. భోజనం సంగతి ఉన్నమాటే. అంత రుచి తెలిసిన నాలుక ఆ చుట్టుపక్కల రాజుల్లో ఇంకెవరికీ లేదు.

రెండోదాని సంగతి చెబుతాను వినండి. ఊళ్ళన్నిటికీ నీళ్ళిచ్చే పెద్దకాలువ ఒకటి ఆ రాజ్యంలో ఉంది. ఏ తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి చేనుకు ఎంతసేపు నీళ్ళు పారాలో చెప్పేవాణ్ణి కాలువపెద్ద అంటారు. అతన్ని రాజు నియమించడు. ఆడా మగా రైతులందరూ కలిసి ఎన్నుకుంటారు. అది రాజుగారి తాత పెట్టిన ఆచారం. మూడేళ్ళకోసారి కోట ముందు ఒక ఎర్రకుండ, ఒక నల్లకుండ పెడతారు. ఎర్రది ఎగువ పక్షం వాళ్ళు నిలబెట్టిన మనిషిది, నల్లది దిగువ పక్షం వాళ్ళు నిలబెట్టిన మనిషిది. ప్రతి రైతూ ఒక చింతగింజ తెచ్చి తనకు నచ్చిన కుండలో వేస్తాడు. ఎక్కువ గింజలు వచ్చినవాడు కాలువపెద్ద.

పరాయి రాయబారులు వస్తే రాజు ముందు కడుపునిండా భోజనం పెట్టించేవాడు. తర్వాత తీసుకెళ్ళి ఆ కుండలు చూపించేవాడు. తిన్న మొహమాటానికి వాళ్ళు ఆహా ఓహో అనేవారు.

ఆ కొలువులో తిప్పన అని ఒక చమత్కారి ఉన్నాడు. రాజుకు విసుగు పుట్టినప్పుడు నవ్వించడం అతని ఉద్యోగం. రాజుకు తరచుగా విసుగు పుట్టేది కనుక ఉద్యోగానికి ఢోకా లేదు.

ఒకరోజు పొద్దున్నే తిప్పన ఇంటికి వాళ్ళ అక్క ఎర్రమ్మ వచ్చింది. కాలువ చిట్టచివరి ఊళ్ళో ఆమెకూ, మొగుడు మల్లపకూ నాలుగు మడికట్లు ఉన్నాయి. ఆమె కాళ్ళు కూడా కడుక్కోకుండా, గుమ్మంలో నిలబడే చింతగింజ ఒకటి తిప్పన చేతిలో పెట్టింది.

"ఇది ఏ కుండలో వెయ్యమంటావు, తమ్ముడూ?"

"నీ ఇష్టం అక్కా. అందుకేగా కుండలు పెట్టింది."

"ఎర్రకుండ రంగప్పది. నల్లకుండ భైరప్పది. ఇద్దరూ వియ్యంకులు. ఇద్దరి పొలాలూ కాలువ మొదట్లోనే ఉన్నాయి. ఒకడు మా తూము మూయిస్తాడు, రెండోవాడు మూసిన తూము తెరవడు. మా నారు ఎర్రబడిపోతోంది. రెండేళ్ళుగా గడ్డి కూడా ఇంటికి రాలేదు. ఈ ఏడు కూడా నీళ్ళు రాకపోతే ఎడ్లను అమ్మేసి, పిల్లల్నీ మీ బావనూ తీసుకుని నీ ఇంటికే వచ్చేస్తాను. ఇంకెక్కడికి పోను చెప్పు?"

తిప్పనకు అక్క అంటే ప్రాణం. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి అతని గుండె పిండేసినట్టయింది. అయితే బావ మల్లప కూడా వస్తాడన్న మాటకు ఇంకాస్త ఎక్కువగానే పిండేసినట్టయింది. మల్లప తింటే నిద్రపోతాడు, నిద్రలేస్తే తింటాడు.

"మీ దిగువ పక్షానికి మీ చివరి ఊళ్ళవాళ్ళే దొరకలేదా? ఎగువన పొలమున్న భైరప్పను ఎవరు నిలబెట్టారు?" అని అడిగాడు తిప్పన.

"ఎవరికి తెలుసు? పక్షపెద్దలు మంత్రిగారి తోటింట్లో తలుపేసుకుని కూర్చున్నారు. పులిహోర గంగాళం లోపలికి వెళ్ళింది. ఖాళీ గంగాళం బయటికి వచ్చింది, దాని వెనకే ఏకగ్రీవంగా భైరప్ప పేరు వచ్చింది. ఎగువ పక్షం వాళ్ళు కూడా ఆ తోటింట్లోనే కూర్చున్నారట, పక్క గదిలో."

తిప్పన ఆ గింజను అక్కకు తిరిగి ఇచ్చేసి, తలపాగా చుట్టుకుని కొలువుకు బయల్దేరాడు.

కొలువులో రాజు ఆ రోజు మంచి ఉత్సాహంగా ఉన్నాడు. తిప్పన సమయం చూసి విషయం విన్నవించాడు. కుండలు రెండున్నా, వాటి వెనక మనుషులిద్దరూ ఒకే తోటలో కాసిన కాయలని చెప్పాడు.

మంత్రి గోపనామాత్యుడు మందహాసం చేశాడు. "ప్రభూ, పక్షమంటే ఒక ఇల్లు లాంటిది. ఇంట్లో వంట ఎవరు చేశారు, ఎలా చేశారు అని బయటివాళ్ళు అడగడం మర్యాద కాదు. విస్తట్లో వడ్డించాక ఏది కావాలో తినేవాళ్ళు ఎంచుకుంటారు. అదే స్వేచ్ఛ. ప్రతి రైతూ పేరు చెప్పడం మొదలుపెడితే నూరు పేర్లు వస్తాయి, నూరు కుండలు కావాలి."

"భేష్," అన్నాడు రాజు. మీసం మీద చెయ్యి వేసి సింహాసనంలో ఇంకాస్త వెనక్కి వాలాడు. "తిప్పనా, ఎంచుకునే హక్కున్నవాడికి ఇంకేం కావాలి? మా తాతగారు పెట్టిన కుండలకు వంక పెట్టేంతవాడివయ్యావా? ఇంకోసారి కాలువ మాట నా ముందు ఎత్తావంటే దేశం విడిచి పోవాల్సి వస్తుంది."

"చిత్తం," అన్నాడు తిప్పన. ఎర్రమ్మ సంసారం తన ఇంటికి రావడమా, తను దేశం విడిచి పోవడమా అని ఆలోచిస్తూ ఆ పూటంతా తిరిగాడు. ఆ రెండూ కూడా ఎవరో వడ్డించిన విస్తరిలాగే కనిపించాయి అతనికి.

అదృష్టం కొద్దీ ఆ వారంలోనే రాజుగారి పెద్ద వంటవాడు ముసలితనం వచ్చిందని సెలవు తీసుకుని కాశీకి వెళ్ళిపోయాడు. కొత్తవాణ్ణి ఎవరిని పెట్టాలని కొలువులో ప్రస్తావన వచ్చింది. రాజ్యంలో అంతకంటే ముఖ్యమైన పదవి లేదని రాజుకే కాదు, అందరికీ తెలుసు.

తిప్పన లేచి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, రైతులకే తమ కాలువపెద్దను ఎంచుకునే భాగ్యం ఉన్నప్పుడు, ఏలినవారి భోజనాన్ని ఏలినవారే ఎంచుకోవద్దా? మన కోటలో తూర్పు వంటశాల, పడమటి వంటశాల అని రెండున్నాయి. తాతగారి ఆచారం ప్రకారం ఒక్కో వంటశాల ఒక్కో పేరు నిలబెడుతుంది. ఇద్దరిలో నచ్చినవాణ్ణి ప్రభువులు ఎంచుకోవచ్చు."

రాజు పొంగిపోయాడు. మంత్రి మాత్రం నీళ్ళు నమిలాడు. మొన్ననే పొగిడిన పద్ధతిని ఇవాళ కాదనడం ఎలాగో ఆయనకు తోచలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తిప్పన ఏ వంటశాలకూ వెళ్ళలేదు. ఎవరి చెవిలోనూ ఏమీ ఊదలేదు. నన్నడిగితే ఆ అవసరం కూడా లేదంటాను.

వంటశాలల పెద్దలంటే వంట చేసేవాళ్ళు కారు, సామాను గదుల తాళంచెవులు ఉన్నవాళ్ళు. వాళ్ళు తలుపులు వేసుకుని కూర్చున్నారు. లోపలికి గారెలు వెళ్ళాయి. మధ్యాహ్నానికి తూర్పు వైపు నుంచి ఏకగ్రీవంగా వెంకన్న పేరు, పడమటి వైపు నుంచి ఏకగ్రీవంగా తిమ్మయ్య పేరు బయటికి వచ్చాయి.

మొదటి రోజు వెంకన్న వడ్డించాడు. రాజు గుత్తివంకాయ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. వెంకన్నకు ఉప్పు వేశానా లేదా అన్నది ఎప్పుడూ గుర్తుండదు. అనుమానం వచ్చినప్పుడల్లా మళ్ళీ వేస్తాడు, అనుమానం అతనికి చాలాసార్లు వస్తుంది.

రెండో రోజు తిమ్మయ్య వడ్డించాడు. అతను పాతికేళ్ళుగా కోటలో జబ్బుపడ్డవాళ్ళకు పథ్యం వండినవాడు. ఉప్పు లేదు, కారం లేదు, పోపు లేదు. చారు కాగిన నీళ్ళలా ఉంది. "చల్లారకముందే తాగండి ప్రభూ, జ్వరం దిగుతుంది," అన్నాడు తిమ్మయ్య ఆదరంగా.

"నాకు జ్వరం లేదు," అన్నాడు రాజు.

"రాకుండా ఉంటుంది ప్రభూ," అన్నాడు తిమ్మయ్య.

ఎంచుకునే రోజు వచ్చింది. రాజు ఎర్రకుండకేసి చూశాడు, నల్లకుండకేసి చూశాడు. చివరికి కనీసం ఉప్పయినా ఉంటుందని గింజ తీసుకెళ్ళి వెంకన్న కుండలో వేశాడు. కొలువంతా చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత రాజు పరిస్థితి వర్ణించడం నాకు ఇష్టం లేదు. పక్కన చెంబు, చెంబు పక్కన బిందె. పప్పు చూస్తే దాహం వేసేది. పెసరట్టు చూస్తే కళ్ళు తిరిగేవి. చివరికి ఒకనాడు పెరుగన్నంలో కూడా వెంకన్నకు అనుమానం వచ్చింది. రాజు విస్తరి ముందు నుంచి లేచి, మంత్రినీ తిప్పననూ పిలిపించాడు.

"ఈ వెంకన్న నాకొద్దు. తిమ్మయ్య కూడా వద్దు. తూర్పు వంటశాలలో ఒకావిడ ఉండాలే, ఉగాదికి మామిడికాయ పప్పు చేసింది."

"నరసమ్మ, ప్రభూ," అన్నాడు తిప్పన.

"ఆ నరసమ్మ పేరు ఎందుకు పెట్టలేదు?"

"ఆమె పేరు గదిలోంచి రాలేదు ప్రభూ."

"ఎందుకు రాలేదంటున్నాను."

"అది వంటశాల వారి ఇంటి సంగతి ప్రభూ. బయటివాళ్ళం అడగడం మర్యాద కాదు. అయినా ఊళ్ళో అనుకునేది చెప్పమంటే చెబుతాను. నరసమ్మ నెయ్యి ఎంతిచ్చారో చూసి మరీ తీసుకుంటుందట. ఆమె పెద్ద వంటమనిషైతే తాళంచెవులు అడుగుతుందని గదిలోవాళ్ళకు భయం. వెంకన్న ఏమీ అడగడు. అతనికి ఉప్పు ఒక్కటుంటే చాలు."

"నూరుమంది వంటవాళ్ళున్న కోటలో నాకు ఈ ఇద్దరేనా?"

"నూరు పేర్లు పెడితే నూరు కుండలు కావాలి ప్రభూ," అన్నాడు తిప్పన వినయంగా. "ఇద్దరినీ వద్దనుకునే హక్కు కూడా ఏలినవారికి ఉంది. అప్పుడు వంటశాల పెద్దలే ఒకరిని పెట్టేస్తారు. లేదంటే మూడేళ్ళాగితే మళ్ళీ కుండలు వస్తాయి."

రాజు కోపం పట్టలేకపోయాడు. "తినేది నేను. గదిలో కూర్చున్నవాళ్ళు కాదు. నేను తినేదానికి పేరు పెట్టేటప్పుడు నన్ను అడగవద్దా? అడగకుండా తెచ్చి ముందు పెట్టి, ఇదిగో నీ ఇష్టం అంటే అది నా ఇష్టమెలా అవుతుంది?"

తిప్పన తల వంచుకుని నిలబడ్డాడు.

"మాట్లాడవేం?"

"మాట్లాడితే దేశం విడిచి పోవాలి ప్రభూ. మా అక్క కూడా మొన్న ఈ మాటే అంది. వంట గురించి కాదు."

రాజు చాలాసేపు బిందెకేసి చూశాడు. మంత్రి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, అదీ ఇదీ ఒకటి కాదు. రైతులు నలుగురు చేరితే గొడవే. తెల్లారి మొదలుపెడితే పొద్దుగూకినా తేలదు."

"నిజమే," అన్నాడు తిప్పన. "ఒక రోజు పోతుంది. నీళ్ళు లేక రెండేళ్ళు పోయాయి కనుక ఒక రోజు పోతే వాళ్ళు పెద్దగా పట్టించుకోరు."

రాజు మొదట మీసంలో నవ్వాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వితే మళ్ళీ దాహం వేసింది. నీళ్ళు తాగి ఆజ్ఞ ఇచ్చాడు. ఇక మీదట ఏ పక్షమైనా పేరు పెట్టాలంటే ఆ పక్షం రైతులందరూ ఆరుబయట చేరాలి, అక్కడే గింజలు వేసి తమ మనిషిని ఎంచుకోవాలి. ఈసారి వచ్చిన రెండు పేర్లూ చెల్లవు. వంటశాలలకు కూడా అదే పద్ధతి. వెంకన్నను మంత్రిగారి ఇంటికి పంపించారు. అక్కడ తలుపేసిన గదుల్లో పెట్టే విందులకు ఇకపై అతనే వండాలని రాజు నిర్ణయించాడు.

ఎగువ పక్షం వాళ్ళు ఆరుబయట చేరి మళ్ళీ రంగప్పనే పెట్టుకున్నారు. వాళ్ళకు అతనే నచ్చాడు, అందులో తప్పేముంది.

దిగువ పక్షం వాళ్ళు కాలువ చివరి తూము దగ్గర చేరారు. తిప్పన కూడా వెళ్ళాడు. ఇంత కష్టపడింది తను కదా, అక్క సంసారం బాగుపడాలి కదా అని, బావ మల్లప పేరు తనే ప్రతిపాదించాడు. అంతటితో ఆగాడా? కొలువులో నేర్చుకున్న మాటలన్నీ కలిపి పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. జనం ఎంతో మర్యాదగా విన్నారు. తర్వాత మంత్రి చెప్పినట్టే పొద్దుగూకేదాకా అరుచుకున్నారు. అరుపులన్నీ అయ్యాక లేచి, వరసగా వెళ్ళి, పిచ్చమ్మ కుండలో గింజలు వేశారు. పిచ్చమ్మ చివరి ఊరి రైతు. తన వంతు నీళ్ళ కోసం ఎవరితోనైనా పోట్లాడుతుంది, పక్కవాడి వంతు వస్తే వాణ్ణి నిద్రలేపి మరీ పిలుస్తుంది.

మల్లప కుండలో అడుగు కనిపిస్తోంది. తిప్పనకు తల కొట్టేసినట్టయింది. పక్కకు వచ్చి అక్కను అడిగాడు. "నువ్వైనా బావకు వేశావా?"

"లేదు తమ్ముడూ. మీ బావ తూము దగ్గర కూర్చుంటే నిద్రపోతాడు. నాకు నీళ్ళు కావాలి."

కోట ముందు కుండలు పెట్టిన రోజున చివరి ఊళ్ళవాళ్ళంతా కదిలి వచ్చారు. వాళ్ళ మనిషికి కుండ దక్కడం అదే మొదటిసారి. పిచ్చమ్మ గెలిచింది. ఆ వారంలోనే ఎర్రమ్మ మడికట్లలో నీళ్ళు నిలిచాయి, నారు పచ్చబడింది. ఎడ్లు ఇంట్లోనే ఉన్నాయి.

తర్వాత ఒకనాడు రాజు నరసమ్మ చేసిన మామిడికాయ పప్పు తిని, తృప్తిగా తాంబూలం వేసుకుంటూ తిప్పనను పిలిచాడు. జరిగినదంతా వేగులు ముందే ఆయన చెవిన వేశారు.

"తిప్పనా, ఒక మాట నిజం చెప్పు. ఆ తోటింటి గదిలో నిన్నొక్కణ్ణే కూర్చోబెట్టి, తలుపేసి, పేరు తెమ్మంటే ఎవరి పేరు తెచ్చేవాడివి?"

తిప్పన తలపాగా సర్దుకున్నాడు. "మా బావ పేరే తెచ్చేవాణ్ణి ప్రభూ."

"ఏకగ్రీవంగానా?"

"ఏకగ్రీవంగానే ప్రభూ."

"నీళ్ళు వచ్చేవా?"

"వచ్చేవి కావు ప్రభూ. మా అక్క వచ్చేది, సంసారంతో సహా."

రాజు నవ్వీ నవ్వీ తాంబూలం ఉమ్మేశాడు. ఆ నవ్వుతోనే తన చేతి బంగారు కంకణం తీసి తిప్పన చేతికి తొడిగాడు.