బొమ్మిడాయి ఇసుకలో ఎందుకు దూరింది

ఒకప్పుడు బొమ్మిడాయి చేప ఇసుకలో దాక్కునేది కాదట. ఈ సంగతి మొదట చెప్పింది యానాం రేవులో వలలు కుట్టిన ఓలేటి నూకరత్నం. ఇంకెవరైనా తామే చెప్పామంటే నమ్మకండి.

అప్పట్లో బొమ్మిడాయి ఒళ్ళంతా పసుపు రాసుకున్నట్టు మెరిసేది. గోదావరిలో నాచు చాటున తిరిగేది. సిగ్గు మాత్రం మహా సిగ్గు. ఎవరైనా కన్నెత్తి చూస్తే చాలు, నోటిదాకా వచ్చిన ఎర కూడా వదిలేసేది.

ఒక ఏడు ఎండలకి పాయలన్నీ ఎండిపోయాయి. బొమ్మిడాయిలన్నీ పోగా ఒక్కతే మిగిలింది, కడుపు నిండా గుడ్లతో. ఆ గుడ్లు నిలిస్తేనే జాతి నిలిచేది.

అదే ఏడు కొంగ ఏటి ఒడ్డున తీర్థం పెట్టింది, జాతరన్నమాట. ఒడ్డున మడుగు తవ్వించి, నాచు పీకించి, నీళ్ళు అద్దంలా తేర్పించింది. తీర్థం అయ్యేదాకా చేప ముట్టనని ఒట్టు కూడా వేసుకుంది. పాపం, ఎంత కష్టమో!

మడుగులో పెట్టి జనానికి చూపించడానికి ఏ చేప పనికొస్తుందా అని ఒంటికాలి మీద నిలబడి చూసింది.

“జెల్లా? మీసాలు తప్ప ఏముంది! బొచ్చె చేపా? ఎక్కడ చూసినా అదే. ఇదిగో, బొమ్మిడాయి! రంగుంది. పైగా ఒక్కటే ఉంది. నువ్వే రావాలమ్మా!”

“నాకు సిగ్గు, కొంగ మావా!”

“సిగ్గుదేముందే! నలుగురూ చూస్తే అదే పోతుంది.” ముక్కున కరుచుకుని మడుగులో వేసేసింది.

జనం విరగబడ్డారు. పీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కప్ప గట్టు మీద గులకరాయితో టకటకా కొట్టింది. “ఏయ్ పిల్లా, ఇటు తిరుగు! మా చెల్లెలు నీ తోక చూడలేదు!”

బొమ్మిడాయి తిండి మానేసింది. ఒంటి పసుపు వెలిసిపోయింది.

“మావా, ఇంతమంది చూస్తుంటే గుడ్లు పెట్టలేను. చచ్చిపోయేలా ఉన్నాను.”

“పెట్టవే, పెట్టు! అదీ చూస్తారు!” అంది కొంగ. కప్ప చేత దండోరా కూడా వేయించింది.

అప్పుడు మడుగు అడుగునున్న ఇసుక నోరు విప్పింది. “ఇదిగో పిల్లా, నన్ను తొక్కేవాళ్ళేగాని చూసేవాళ్ళు లేరు. నాలో దూరు. ముక్కు మాత్రం బయట పెట్టుకో, ఊపిరాడాలిగా.”

బొమ్మిడాయి సర్రున దూరింది. చల్లగా, చీకట్లో, గుడ్లన్నీ అక్కడే పెట్టింది.

పొద్దున్నే జనం వచ్చారు. మడుగు ఖాళీ.

“చేపేదీ?”

“ఉంది,” అంది కొంగ.

“ఎక్కడ?”

“లోపల.”

అందరూ సాయంత్రందాకా ఇసుక చూశారు. “చూశాను, చూశాను!” అని కప్ప ఒకటే గెంతులు. పీతలకి ఒళ్ళు మండి కొంగ కాళ్ళు నొక్కేశాయి. తీర్థం అక్కడితో సరి.

వరద వచ్చింది. మడుగూ గోదావరీ ఒకటయ్యాయి. తల్లి వెనకాలే పిల్లలన్నీ బిలబిలమంటూ ఏట్లో కలిశాయి.

అప్పటినుంచే బొమ్మిడాయి ఇసుకరంగు ఒంటితో, ఇసుకలో దూరి, ముక్కు మాత్రం బయట పెట్టి బతుకుతోంది.

పట్నంలో చేపల్ని చూపించే చోట ఒక అద్దాల పెట్టె మీద దీన్ని ‘బద్ధకపు చేప’ అని రాసి పెట్టారట. బద్ధకమట, బద్ధకం! అటు వెళ్ళేవాళ్ళెవరైనా ఆ మాట చెరిపించండి. గుడ్లు దక్కించుకున్న తల్లి అని రాయించండి. అలాగే ఆ పెట్టెలో ఇంత ఇసుక పోయమనండి.