ఉయ్యాల మీద పందిరి

గుర్రప్పందేలకు మైదానం కావాలని రాజుగారు ఊరవతలి మడుగుకు గండి కొట్టమన్నారు. మడుగు చెట్లనిండా కొంగల గూళ్లు, వాటిలో ఇంకా రెక్కలు రాని పిల్లలు. అక్కడ చేపలు పట్టుకునే నూకాలుకు కాలు నిలవలేదు. కూలీలు గడ్డపారలు ఎత్తేలోగా కోటకు పరుగెత్తి, తోటమాలిని బతిమాలుకుని, తోటలో కొలను పక్కనున్న రాజుగారి ఉయ్యాల మీద తాటాకు పందిరి వేయసాగింది.

“ఏమిటే ఇది?” అన్నారు రాజుగారు.

“మడుగు ఎండితే కొంగలన్నీ నీళ్లూ చెట్లూ ఉన్నచోటుకే వస్తాయి దొరా. ఈ చుట్టుపక్కల అలాంటిది మీ తోటొక్కటే. రెట్టలు మీ నెత్తిన పడకుండా కడుతున్నాను.”

రాజుగారు కొలను చుట్టూ ఉన్న చెట్లకేసి చూశారు. పని ఆపమని వెంటనే రౌతును పరిగెత్తించారు.

నూకాలు చేతిలోని తాటాకు కింద పెట్టి దండం పెట్టింది. “గూళ్లలో పిల్లలకింకా రెక్కలు రాలేదు దొరా, బతికించారు.” తర్వాత పైకి చూసి అడిగింది: “మరి పందిరి విప్పేయమంటారా?”

“ఉండనీ,” అన్నారాయన ఆకాశం చూస్తూ. “ఆ పిల్లలు ఎగిరేదాకా ఉండనీ.”