చుక్కమ్మ కుట్టిన కాడి మెత్త

పొలం గట్టున ఒక బూరుగు చెట్టు, ఆ చెట్టు తొర్రలో చుక్కమ్మ అనే ఉడుత, ఆమెకు నలుగురు పిల్లలు. తండ్రి ఉడుత తెల్లారగానే వేరుశనగ చేలకు పోతే మళ్లీ పొద్దుగూకాకే రావడం. నలుగురి ముక్కులు తుడవడం, నలుగురి తగవులు తీర్చడం, ఆకాశంలో గద్ద కనబడితే నలుగురినీ తోకలు పట్టి లోపలికి లాగడం, అంతా చుక్కమ్మ పనే.

అయినా ఆమె చేతులు ఊరుకునేవి కావు. మధ్యాహ్నం పిల్లలు కాస్త కునుకు తీస్తే చాలు, తుమ్మముల్లు సూదికి గోగునార ఎక్కించి కూర్చునేది. బొంతలు కుట్టేది, ఈతాకు బుట్టలు అల్లేది, గురివింద గింజలు గుచ్చేది, దిష్టిబొమ్మ చొక్కా పేలికలు తెచ్చి వాటి మీద పువ్వులు వేసేది. ఆ కాసేపూ ఆమెకు లోకం పట్టేది కాదు. ఇంతలో ఏ పిల్లో "అమ్మా, ఆకలి" అని లేచేది. చేతిలో ఉన్నది తొర్ర మూలకు పోయేది. మర్నాడు మనసు ఇంకో పని మీదికి మళ్లేది. అలా ఆ మూలన సగం బొంతలు, అంచు కట్టని బుట్టలు, ఒంటి చేతి చొక్కాలు పోగుపడ్డాయి. ఎవరైనా వస్తే చుక్కమ్మ వాటికి అడ్డంగా తోక పరుచుకుని కూర్చునేది. కుట్టేటప్పటి సంతోషమంతా ఆ మూల చూడగానే సిగ్గయిపోయేది.

ఒకరోజు లింగయ్య అనే ఎద్దు వచ్చి చెట్టు కింద నిలబడ్డాడు. ముసలివాడు, నెమ్మదస్తుడు. ఎవరేమన్నా ఒక చెవి కదిపి ఊరుకునే రకం.

"అమ్మాయ్, తీరిగ్గా ఉన్నావా?"

"తీరికెక్కడిది బాబాయ్. చెప్పు."

"పోయినేడు కాడి ఒరుసుకుని మెడ మీద పుండయింది. ఇప్పుడిప్పుడే మానుతోంది. ఏరువాక ఇంకా పన్నెండు రోజులుంది. కాడి కింద పెట్టుకోడానికి చిన్న మెత్త కుట్టిపెడతావా? మళ్లీ పుండు రేగితే ఇక నన్ను అరకకు కట్టరు."

"కట్టకపోతే సుఖమేగా?"

"సుఖమే. సంతకు తోలేదాకా."

చుక్కమ్మ గబుక్కున కొమ్మ చివరికి వచ్చింది. "పన్నెండు రోజులెందుకు బాబాయ్, వారంలో ఇస్తాను" అంది. అన్నప్పుడు నిజంగానే అనుకుని అంది పాపం.

ఎండాకాలంలో కాయలు పగిలినప్పుడు దాచిన బూరుగు దూది ఆమె దగ్గర కావలసినంత ఉంది. అందులోంచి గింజలు ఏరాలి, దూది విప్పదీయాలి, సంచిలో కూరి కుట్టాలి. అంతే పని. కానీ గింజలు ఏరడంలో సరదా ఏముంది? అందుకని చుక్కమ్మ పైగుడ్డతో మొదలుపెట్టింది. దిష్టిబొమ్మ చొక్కా ఎర్రముక్క మీద ఒక చిలకను కుట్టింది. ఒంటి చిలక బోసిగా ఉందని రెండోదాన్ని కుట్టింది. చుట్టూ తీగ వేసింది, తీగకు మొగ్గలు వేసింది. మధ్యలో పిల్లలకు దగ్గు వచ్చి రెండు రోజులు పోయాయి. చిన్నవాడు కొమ్మ మీంచి జారి ఒకరోజు పోయింది. పదకొండో రోజుకు చిలకలు ఎగిరిపోతాయా అన్నంత అందంగా ఉన్నాయి. దూది మాత్రం పెట్టినచోటే ఉంది.

అప్పుడు ఆ దారిన గంగులు నక్క పోతూ తలెత్తి చూశాడు.

"ఏందక్కా, మొహం అట్లా వాడిపోయింది?"

చుక్కమ్మ సంగతి చెప్పింది. గంగులు కళ్లు దూది మూట మీద ఆగాయి. చెట్టెక్కలేడు గనక వాడికి బూరుగు దూది ఎన్నడూ దొరికింది కాదు. వాడి బొరియ నిండా రాళ్లే.

"దీనికింత దిగులా? ఆ గింజల దూది నాకిచ్చెయ్యి. గింజలున్నా నేను సర్దుకుని పడుకుంటా. దానికి బదులు నీకు ఏరే పనిలేని మెత్తటి ఎండుగడ్డి బుట్టెడు తెచ్చిస్తా. కూరుకోవడమే."

"గడ్డా? బాబాయ్‌కి తెలిసిపోదూ?"

"పైన ఇంత సింగారం పెట్టాక లోపలేముందో ఎవడు చూస్తాడక్కా?"

ఆ మాట తప్పని చుక్కమ్మకు తెలుసు. కానీ రేపు లింగయ్య వచ్చి నిలబడితే, పిల్లల ముందు "ఇంకా కాలేదు" అని చెప్పడం ఎలా? తొర్ర మూల ఇంకో సగం పని చేరడం ఎలా? మూట కిందికి జారవిడిచింది.

గంగులు బీడులో గడ్డి చిమ్మి తెచ్చి పోశాడు. అందులో ఏమేం వచ్చాయో చూసే ఓపిక వాడికి లేదు. చుక్కమ్మ గబగబా కూరుతుంటే వేలికి చురుక్కుమంది. పల్లేరు కాయ. తీసి పారేసింది. ఇంకోటి గుచ్చుకుంది. ఆగింది. అంతా బయటికి తీసి ఏరాలంటే తెల్లారిపోతుంది. 'ఇంకా ఉంటే ఒకటో రెండో ఉంటాయి, కాడి బరువుకు అవే అణిగిపోతాయి' అని తనకు తానే చెప్పుకుని మూతి కుట్టేసింది.

ఏరువాకనాడు లింగయ్య మెడ మీద చుక్కమ్మ పెట్టిన మెత్త చూసి రైతు, ఇంట్లోవాళ్లు కట్టారు కాబోలనుకుని దాని మీదే కాడి వేశాడు. గట్టు మీద చుక్కమ్మ పిల్లలు నలుగురూ వరుసగా కూర్చున్నారు. మేకలొస్తే మేకలకూ, కొంగలొస్తే కొంగలకూ, "ఆ చిలకలు మా అమ్మ కుట్టింది" అని చెప్పారు. పెద్దపిల్ల బుడ్డి అయితే ఒకసారి చెప్పినవాళ్లకే మళ్లీ చెప్పింది. అందరూ చుక్కమ్మ చేతిని మెచ్చుకున్నారు. ఆమె కూడా వేలు చురుక్కుమన్న సంగతి మర్చిపోయింది.

సాయంత్రం అరక విప్పాక లింగయ్య మెడ మీదికి ఎక్కింది. "ఎలా ఉంది బాబాయ్?"

"చిలకలు బావున్నాయమ్మాయ్" అన్నాడు లింగయ్య.

మెత్త తీద్దామని పట్టుకుంటే రాలేదు. అంటుకుని ఉంది. మెల్లగా ఊడదీస్తే కింద పాత పుండు విచ్చుకుని ఉంది. దాని చుట్టూ కొత్తగా గుచ్చుకున్న గాట్లు, ఎండిన నెత్తురు. మెత్త అడుగున పల్లేరు ముళ్లు గుడ్డ చీల్చుకుని బయటికి వచ్చి ఉన్నాయి. పైన రెండు చిలకలూ చెక్కుచెదరలేదు.

గట్టు మీంచి పిల్లలు చేతులూపుతున్నారు. ఆమె తిరిగి చెయ్యి ఊపలేకపోయింది. మెత్త చంకన పెట్టుకుని, తల ఎత్తకుండా నేరుగా గంగులు బొరియకు పోయింది.

"నా దూది నాకియ్యి గంగులూ."

"బేరం అయిపోయిందిగా అక్కా." అంటూనే వాడి చూపు ఆమె చంక మీద పడింది. "అదిచ్చావనుకో, అప్పుడు ఆలోచిస్తా."

"ఇది వద్దు. ఇందులో పల్లేరు కాయలున్నాయి. నువ్వు తెచ్చిన గడ్డిలోవే. ఉన్నాయని తెలిసీ నేనే కుట్టేశాను."

గంగులు పడీపడీ నవ్వాడు. "నక్కకే టోపీ పెడతావా? ముళ్లే ఉంటే లింగయ్య పొద్దంతా కిమ్మనకుండా దున్నుతాడా? సింగారం పోతుందని నీకు మనసొప్పక ఈ మాట."

"నిజం చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నా చెప్తాను."

"చెప్పింది చాల్లే. ఇటివ్వు." గంగులు మెత్త లాక్కుని దూది మూట బయటికి విసిరాడు. ఆమె మూట ఈడ్చుకుంటూ పది అడుగులు వేసిందో లేదో, బొరియలో దర్జాగా చిలకల మీద కూలబడ్డ గంగులు పెట్టిన కేక పొలమంతా వినిపించింది. మొన్నటి చుక్కమ్మ అయితే నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు.

మర్నాడు, ఆ మర్నాడు వాన. నేల బురదై అరకలు ఆగాయి. చుక్కమ్మ పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది. చెప్తున్నంతసేపూ బుడ్డి ఆమె మొహంలోకే చూస్తుంటే, నేలలోకి కూరుకుపోతే బావుండుననిపించింది. చెప్పడం అయ్యాక నలుగురూ వచ్చి గింజలు ఏరడానికి కూర్చున్నారు. చిన్నవాడు ఏరినవన్నీ తినేశాడు గానీ, ఎవరూ కేకలెయ్యలేదు. పైగుడ్డ కోసం చుక్కమ్మ తొర్ర మూలకు పోయి, బుడ్డి పుట్టినప్పుడు మొదలుపెట్టి వదిలేసిన సగం బొంత తీసింది. వాడివాడి వెన్నలా మెత్తబడిన పాత గుడ్డ. దానిమీద ఒక్క పువ్వు కూడా వెయ్యలేదు. కుట్టాక చెంపకు ఆనించి చూసుకుంది, ఇంకోవైపు తిప్పి మళ్లీ ఆనించి చూసుకుంది.

మూడోనాడు పొద్దున్నే లింగయ్య మెడకు గాయపాకు పసరు రాసి, ఆ మెత్త పెట్టింది.

"బాబాయ్, మొన్న పొద్దంతా అంత నొప్పి ఓర్చుకున్నావు. ఒక్కసారి తల విదిలిస్తే అది కింద పడిపోయేది. నా మొహాన ఒక్క మాట అననైనా అనలేదేం?"

లింగయ్య చెవి కదిపాడు. "గట్టు మీద నీ పిల్లలు కూర్చుని ఉన్నారు కదమ్మాయ్."

చుక్కమ్మ తోకలో మొహం దాచుకుంది. ఆ పొద్దు చాళ్లు దున్నినంతసేపూ ఆమె గట్టు మీదే ఉంది, ఒళ్లో ఏ కుట్టుపనీ పెట్టుకోలేదు. సాయంత్రం మెత్త తీసి చూస్తే దానికి చెమట, పసరు తప్ప ఏమీ అంటలేదు. ఆ తర్వాత కూడా ఆమె పది రకాల పనులు మొదలుపెట్టింది, సగంలో వదిలేసింది కూడా. కానీ ఎవరైనా వస్తే ఆ మూలకు తోక అడ్డం పెట్టలేదు. అడిగినవాళ్లకు "ఇంకా కాలేదమ్మా" అని చెప్పడం నేర్చుకుంది.

ఎదుటివారి ఒంటికి తగిలేది లోపలి వైపే గనక, ఎంత ముచ్చటపడి కుట్టినా ముందు లోపలి వైపు చూసుకోవాలి.