మొదటి కక్ష్య

బాలశౌరి గురువిద్యాలయం వదిలి ఇంటికి వెళ్లిపోయి నెల దాటింది. ఇన్నయ్య మాత్రం ఇప్పటికీ భోజనాల బల్ల మీద రెండు గ్లాసుల్లో నీళ్లు పోస్తున్నాడు. పోశాక గుర్తొచ్చి, రెండోది కూడా తనే తాగేస్తాడు.

ఫాదర్లు కావడానికి చదువుకుంటున్న ఆ కుర్రాళ్లందరికీ బాలశౌరి అంటే ఇష్టమే. వారం రోజులు అతని ఊసే చెప్పుకున్నారు. తర్వాత వాలీబాల్ జట్టులో అతని చోట ఇంకొకడు ఆడాడు. పక్క మంచం మీద చుట్టిపెట్టిన పరుపు చూసినప్పుడల్లా ఇన్నయ్యకే నిద్ర పట్టడం లేదు. జపమాల చేతిలో ఉన్నా ధ్యాస అక్కడే. దేవుడి పిలుపు అందుకున్నవాడికి ఒక మనిషి మీద ఇంత మమకారం ఏమిటి? తన పిలుపే నిజం కాదేమో అనిపించింది. పెట్టె సర్దుకున్నాడు.

వెళ్లేముందు ఫిజిక్స్ చెప్పే ఫాదర్ చిన్నప్పకు ఒక మాట చెబుదామని వెళ్లాడు. పెద్దాయన ఖాళీ తరగతి గదిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. అంతా విన్నారు. బుజ్జగించలేదు, మందలించలేదు. కట్టలోంచి ఇన్నయ్య పేపరు బయటికి లాగారు. ఎలక్ట్రాన్ కక్ష్య మారితే ఎంత శక్తి అన్న ప్రశ్న కింద అంతా ఖాళీ.

"హైడ్రోజన్‌కి ఉన్నదే ఒక్క ఎలక్ట్రాన్. దాన్ని కూడా వదిలేశావేమయ్యా?" అంటూ సుద్దముక్క చేతికిచ్చారు.

ఏ కక్ష్యలో ఉన్న ఎలక్ట్రాన్‌ను పరమాణువు నుంచి పూర్తిగా విడదీయడానికి ఎంత శక్తి కావాలో కట్టమన్నారు. బయటి నుంచి లోపలికి రమ్మన్నారు. ఇన్నయ్యకు అది కొట్టినపిండి. నిలబడి వరసగా వేసుకుంటూ పోయాడు. నాలుగో కక్ష్య నుంచైతే 0.85 ఎలక్ట్రాన్ వోల్టులు. మూడు నుంచి 1.51. రెండు నుంచి 3.4. ఒకటి నుంచి 13.6.

"చివరిది ఒక్కసారిగా అంత పెరిగిందేం?"

"అది కేంద్రకానికి అన్నిటికన్నా దగ్గర, ఫాదర్. అక్కణ్నుంచి విడదీయాలంటే..."

మాట అక్కడే ఆగిపోయింది. కిటికీ అవతల మైదానంలో ఎవరో పాయింటు గెలిచినట్టున్నారు, కేకలు వినిపించాయి. ఇన్నయ్య బోర్డు తుడిచేద్దామని డస్టర్ అందుకున్నాడు.

ఫాదర్ లేచి వచ్చి డస్టర్ తీసుకున్నారు.

"ఉండనీ. లెక్కలో తప్పేమీ లేదు."